పాలు మాన్పించిన వారం

శనివారం పొద్దున పిండిముద్దలు పేర్చిన మట్టిపళ్లేలు నెత్తిన పెట్టుకుని బద్రియ్యా డాబా మెట్లు ఎక్కుతుంటే, ఆమె పొడుగు గౌను అంచు పట్టుకుని నూహ్ కూడా ఎక్కాడు. ఎక్కాడనడం వాడి గౌరవం కోసం. నిజానికి వేలాడాడు. వాడికి రెండేళ్లు నిండి సరిగ్గా ఒక రాత్రి. మనిషి కోడిపెట్టంత, పట్టు మాత్రం పడవని ఒడ్డుకి లాగే తాడంత.

"పాయు," అన్నాడు పైమెట్టు మీద నిలబడి.

పాయు అంటే పాలు. వాడికి వచ్చినవి పదకొండు మాటలు. అందులో ఇది మొదటిది. మిగతా పదీ ఇది తాగాక కాలక్షేపానికి నేర్చుకున్నవి.

"ముందు రొట్టెలకి ఎండ తాగించనీరా, తర్వాత నీ సంగతి చూస్తా," అంటూ బద్రియ్యా పళ్లేలు ఒక్కొక్కటే సూర్యుడికి ఎదురుగా పేర్చింది. కెనా దగ్గర, నైలుకి పడమటి గట్టున ఉన్న ఆ ఊళ్లో రొట్టెపిండి ఎండలోనే పొంగాలి. తొందరపడితే రొట్టె రాయవుతుంది, ఆలస్యం చేస్తే పులిసి పోతుంది. వేలితో తట్టి సరైన ఘడియ చెప్పగల ఆడవాళ్లు ఊరు మొత్తం మీద నలుగురు. ముగ్గురికి పళ్లు లేవు. నాలుగో మనిషి ఇరవయ్యారేళ్ల బద్రియ్యా.

పాలు మాన్పించే ఘడియ కూడా ఆమే చూసుకుంది. మొగుడు మహ్రూస్ ఎర్రసముద్రం ఒడ్డున ఒక హోటల్లో వంటవాడు, నెలకోసారి ఇంటికి వస్తాడు. గురువారం ఫోన్లో అతనికి చెప్పేసింది. "రేపటితో రెండేళ్లూ నిండుగా ఇచ్చినట్టే. ఇక మాన్పిస్తాను, నువ్వేమంటావు?" అంది. "తల్లీతండ్రీ మాట్లాడుకుని, ఇద్దరూ సరేననుకుని మాన్పించమని దేవుడే చెప్పాడు. మనం మాట్లాడుకున్నాం, సరేననుకున్నాం. అమ్మకి మాత్రం నువ్వే చెప్పుకో," అన్నాడు మహ్రూస్. మూడు వందల కిలోమీటర్ల అవతల ఉన్నా తల్లంటే అతనికి భయమే.

మక్కా వెళ్లొచ్చాక అందరూ హాజ్జా అని పిలిచే అత్త ఫర్హానా ఆ వార్త వినగానే భుజాలు ఎగరేసి, రొమ్ము దగ్గర దాచుకున్న పొట్లం తీసింది. అందులో నల్లటి, కటికచేదు ముసాంబరం గడ్డ.

"నువ్వు ఇవాళ చెబుతున్నావు. నేను నెల కిందటే కొనిపెట్టాను. నీళ్లలో అరగదీసి పూసుకో. ఒక్కసారి నోరు పెట్టాడంటే మళ్లీ నీ మొహం చూడడు."

"మొహం చూడాలి కదత్తా!"

"అదేలే. మాటవరసకి అన్నాను."

పెద్దావిడ ముచ్చట కాదనడం ఎందుకని బద్రియ్యా ఒక్కసారికి ఒప్పుకుంది. డాబా మీద చాప పరుచుకుని కూర్చుంది. నూహ్ వచ్చాడు, నోరు పెట్టాడు. వాడి మొహం ఎండిన నిమ్మకాయలా ముడుచుకుపోయింది. అమ్మ వంక చూశాడు. రొమ్ము వంక చూశాడు. ఏడుస్తాడని ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. ముగ్గురంటే మూడోవాడు తాత రిఫాయీ, గోడకానుకుని టీ తాగుతున్నాడు. నూహ్ ఏడవలేదు. తాత భుజం మీది తువ్వాలు లాగి, కోళ్లకు పెట్టిన నీళ్లగిన్నెలో ముంచి, అమ్మ రొమ్ము శుభ్రంగా తుడిచి, చాప మీద సర్దుకుని పడుకుని తాగడం మొదలుపెట్టాడు.

రిఫాయీకి టీ పొలమారింది. "వీడు మా చిన్నాన్న అబ్దుర్రాదీ పోలికే! ఆయన ఆరేళ్లు తాగాడు. వాళ్లమ్మ నిలబడి ఉంటే, కూర్చోమని పీట తనే తెచ్చి వేసేవాడు. బడిలో వేసిన రోజున మాస్టారు 'నీకేం వచ్చురా?' అంటే, 'కుడివైపు కంటే ఎడమవైపు తియ్యగా ఉంటుందని వచ్చు' అన్నాడట."

"మీ చిన్నాన్న నాలుగేళ్లు తాగాడని మొన్న అన్నావు," అంది హాజ్జా.

"అది బుధవారం చెప్పిన చిన్నాన్న. వేరే ఆయన."

బద్రియ్యా నవ్వుతూనే లేచి, ముసాంబరం పొట్లం మడిచి అత్త చేతిలో పెట్టింది. "ఇది వద్దత్తా. రెండేళ్లు తియ్యగా ఉన్న అమ్మ పొద్దున్నే చేదెక్కిందని వాడికి అబద్ధం చెప్పను. నేనే కూర్చోబెట్టి చెబుతాను."

"రెండేళ్లవాడికి చెబుతావా! చెప్పు తల్లీ, చెప్పు. అయ్యాక మన గాడిదక్కూడా నాలుగు ఎక్కాలు చెప్పు."

చెప్పింది. ఆ మధ్యాహ్నమే, వాడి గడ్డం పట్టుకుని, కళ్లలోకి చూస్తూ. "నువ్వు పెద్దాడివయ్యావు. పళ్లొచ్చాయి, కాళ్లొచ్చాయి. రొట్టె తింటావు, పెరుగన్నం తింటావు. పాయు ఇక లేదు. అమ్మ ఉంది. ఒళ్లో పడుకో, పాటడుగు, కథడుగు. పాయు మాత్రం లేదు." నూహ్ శ్రద్ధగా అంతా విని, పెద్దమనిషిలా తలూపి, "కొంచెం పాయు," అన్నాడు.

ఆ సాయంత్రం, మర్నాడు, ఆ మర్నాడు వాడు ఏడ్చిన ఏడుపుకి నైల్లో చేపలు తూర్పుగట్టుకి ఈదుకుపోయాయని రిఫాయీ ఊరంతా చెప్పాడు. బద్రియ్యా చలించలేదు. వాడు ఏడిస్తే ఎత్తుకుంది, కొడితే కొట్టించుకుంది, గౌను మెడ లాగితే చెయ్యి తీసి ముద్దు పెట్టుకుంది. కాదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆమె బాధ వేరే చోట ఉంది. రొమ్ములు రెండూ రాళ్లయ్యాయి. చెయ్యి పైకెత్తితే చంకల దాకా సలుపు. పిండి పిసికినంతసేపూ పళ్లు బిగపట్టింది. వీధిలో మేకపిల్ల అరిస్తే చాలు, పాలు చేపుకొచ్చి గౌను తడిసేది. నూహ్ మర్చిపోయినా ఆ ఒళ్లు మర్చిపోయేలా లేదు.

నాలుగోరోజు, మంగళవారం మధ్యాహ్నం, వాకిట్లో ఆటో ఆగింది. హాజ్జా ఒళ్లో తెల్లటి దుప్పటి మూట. మూటలోంచి ఏడుపు.

మహ్రూస్ చెల్లెలు రహ్మాకి ఆదివారం జిల్లా ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. తల్లికి జ్వరం తగులుకుంది. గట్టి మందులు ఎక్కిస్తున్నారు, ఆ మందులు ఆగేదాకా పాలు పట్టొద్దన్నారు. రహ్మా మొగుడు భార్య మంచం పక్కన ఉన్నాడు, రహ్మాకి అత్త లేదు. అందుకని పిల్లని అమ్మమ్మ తెచ్చుకుంది.

"వచ్చింది, వచ్చింది! ఇంటి కోడలు వచ్చింది!" అంది హాజ్జా గుమ్మంలోనే.

ఇది మొదటిసారి విన్నవాళ్లకి వింతగా ఉండొచ్చుగానీ ఆ ఇంట్లో పాత సంగతే. రహ్మా కడుపులో ఉన్నది ఆడపిల్లని డాక్టరమ్మ చెప్పిన రోజునే, హాజ్జా నూహ్ చెయ్యి పట్టుకుని కూతురి పొట్ట మీద పెట్టి, ఫాతిహా చదివి సంబంధం ఖాయం చేసేసింది. కొడుకు బిడ్డకి కూతురి బిడ్డ. పుట్టింటి వాళ్లు తనకి పసుపుకుంకాల్లాగా ఇచ్చిన ఖర్జూరచెట్లు ఇద్దరు బిడ్డలకీ పంపకమైపోతాయి కదా, ఈ పెళ్లితో మళ్లీ ఒక తోటవుతాయి. అంతకంటే ముఖ్యం, తను పోయాక కూడా తన ఇద్దరు బిడ్డలూ ఒకే గుమ్మంలోంచి వచ్చిపోతుంటారు. మనవరాలి పెళ్లికని తన కాపురం నాటి రాగిగంగాళం చింతపండుతో తోమించి, గుడ్డ చుట్టి, మంచం కింద పెట్టింది కూడా.

పెళ్లికూతురికి ఆ సంగతులేం పట్టలేదు. ఆకలిగా ఉంది. డబ్బాపాలు సీసాలో కలిపి నోట్లో పెడితే రెండు గుక్కలు తాగి, మూడోది కక్కి, మొహం తిప్పేసుకుంది. సోంపు నీళ్లు చెంచాతో పోస్తే చెంపల మీంచి కారిపోయాయి. ఆసుపత్రిలోనూ రెండు రోజులు ఇదే తంతట. అరచేయంత మొహంలో చర్మం ముడతలు పడింది.

ఆ ఏడుపుకి బద్రియ్యా ఒళ్లు తన మాట వినలేదు. పొంగిన పాలు గౌను ముందుభాగమంతా తడిపేశాయి. హాజ్జా ఆ తడి చూసింది. చూసిన క్షణంలో ఆమె మొహంలో నవ్వు ఇంకిపోయింది.

"బద్రియ్యా, నువ్వు డాబా మీదకి పో."

"అత్తా, పిల్ల..."

"పో తల్లీ! నువ్వు ఈ గదిలో ఉండొద్దు. నీ పాలు దాని గొంతు దిగాయంటే అది నీ కూతురు. నూహ్‌కి చెల్లెలు. జన్మలో వాళ్లిద్దరికీ పెళ్లి కాదు. నీకు తెలీదా?"

తెలుసు. ఆ దేశంలో ఆ సంగతి తెలియని ఆడది లేదు. రక్తం పంచుకున్నా, పాలు పంచుకున్నా తోబుట్టువులే. బద్రియ్యా మెట్లెక్కింది. పైన రొట్టెలు పొంగి, తట్టమని పిలుస్తున్నాయి. ఆమె తట్టలేదు. కింది నుంచి ఏడుపు వినిపిస్తూనే ఉంది. కాసేపటికి అది సన్నబడింది. ఇంకాసేపటికి పిల్లికూనలా మియ్యిమంది. తర్వాత ఆగింది. గట్టిగా ఏడ్చే పిల్లకి భయం లేదు, నూహ్ మూడు రోజులుగా అదే రుజువు చేస్తున్నాడు. ఏడవడం మానేసే పిల్లకే భయం.

ఆమె ఫోను తీసి రహ్మాకి కలిపింది.

"రహ్మా, నీ పిల్ల సీసా ముట్టడం లేదు. నా దగ్గర పాలున్నాయి. పడితే ఏమవుతుందో నీకు తెలుసు. పిల్ల నీది, మాట నీదే."

అవతల రహ్మా ఏడ్చింది. "వదినా, అడుగుతున్నావా? పట్టు! నీ కాళ్లు పట్టుకుంటా, పట్టు. అమ్మ కలల కోసం నా బిడ్డ పస్తుండాలా? ఆయన కూడా ఇక్కడే ఉన్నారు, పట్టమంటున్నారు."

మహ్రూస్‌కి కూడా చేసింది. వెనకాల గరిటెల చప్పుడు. "పాలు నీవి, పిల్ల రహ్మాది. వాళ్లే సరేనన్నాక నేనెవర్ని? నేనూ సరే. అమ్మకి..." "నేనే చెప్పుకుంటాలే," అని పెట్టేసింది.

కింద గదిలో హాజ్జా లేదు. ఇంకో రకం రబ్బరుపీకె కోసం మందులకొట్టుకి వెళ్లింది. పిల్ల రిఫాయీ ఒళ్లో ఉంది. బద్రియ్యా చేతులు చాచగానే ముసలాయన పిల్లని అందించి, కళ్లు మూసుకున్నాడు. "నేను నిద్రపోతున్నాను," అన్నాడు. కాసేపాగి, "గాఢంగా," అన్నాడు.

పిల్ల మొదట వెతుక్కుంది. ముక్కుతో, చెంపతో, గుడ్డిగా. దొరికాక ఇక వదల్లేదు. మూడు రోజులుగా రాయైన రొమ్ము మెల్లగా సడలింది. బద్రియ్యాకి తెలియకుండానే పెద్ద నిట్టూర్పు వచ్చింది. ఇద్దరికీ ఒకేసారి ఆకలి తీరినట్టయింది. నూహ్ కూడా ఇలాగే ఉండేవాడు, అరచేతిలో పట్టేంత తల, ఆ తల మీద ఇలాంటి వేడే. రెండేళ్లు ఎటు పోయాయో.

హాజ్జా తిరిగొచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. చేతిలోని పొట్లం కింద పడింది.

"తీసెయ్! తీసెయ్! మింగిందా? మింగలేదు కదూ?"

"మింగింది అత్తా. చాలా మింగింది. రహ్మాని అడిగాను, ఆమె మొగుణ్ణి అడిగాను, మహ్రూస్‌ని అడిగాను. నిన్నొక్కదాన్నే అడగలేదు. అడిగితే కాదంటావు, కాదంటే నేను వినను. పెద్దదానివి, నీ మాట కాదన్న పాపం ఎందుకని."

"అబ్బో! ఎంత మర్యాదస్తురాలివే!"

హాజ్జా నడుం మీద చేతులు పెట్టుకుని గది నాలుగుసార్లు తిరిగింది. అయిదోసారి తిరగబోతూ ఆగింది. మొహం కొంచెం తేరుకుంది. "ఒక్కసారికేం కాదు. కడుపునిండా అయిదుసార్లు తాగితేనే తోబుట్టువులని మన మసీదు షేక్ చెప్పాడు. నా చెవులతో విన్నాను. ఇది ఒకటి. ఇంతటితో ఆపు."

"ఆకలి ఇంతటితో ఆగితే ఆపుతాను."

ఇక మొదలైంది లెక్క. పొద్దువాలే వేళకి పిల్ల మళ్లీ లేచింది. హాజ్జా కొత్త పీకె పెట్టింది, పిల్ల నాలుకతో తోసేసింది. రెండోసారి బద్రియ్యా ఒళ్లో పడుకోబెట్టుకుంటే, హాజ్జా ఎదురుగా పీట వేసుకుని కాపలాదారులా కూర్చుంది. "అది కడుపునిండా కాదు, మధ్యలో కునుకు తీసింది. అర," అంది.

"తాగినంతసేపు తాగి నిద్రపోయింది. అదే కడుపునిండడం. రెండు," అంది బద్రియ్యా.

అప్పుడే గుమ్మంలో ఇంకో సాక్షి కనిపించాడు. నూహ్. మూడు రోజులు లేదు లేదన్నది, ఇప్పుడు వాడి కళ్లెదుటే ఇంకొకరికి. వాడు మెల్లగా దగ్గరికొచ్చాడు. పిల్ల కాలివేలు ఒకటి పట్టుకుని చూశాడు. వేలు బఠానీగింజంత, వాడి బొటనవేలి కంటే చిన్నది. అంతకంటే చిన్న మనిషిని వాడు అప్పటిదాకా చూడలేదు.

"పాప," అన్నాడు. అది పన్నెండో మాట.

"పాపే నాన్నా. పళ్లు లేవు. రొట్టె తినలేదు. కాళ్లున్నాయిగానీ నడవలేదు. పాపం, పాయు తప్ప ఇంకేం లేదు దీనికి."

నూహ్ చాలాసేపు ఆలోచించాడు. తాత బేరాలాడేటప్పుడు కూడా అంతసేపు ఆలోచించడు. తర్వాత వెళ్లి తన రేకుగ్లాసులో మిగిలిన మేకపాలు తెచ్చుకుని, అమ్మ మోకాలికి ఆనుకుని కూర్చుని, గుటకలు వేస్తూ తాగాడు. ఆ రాత్రి పడుకోబోతూ అలవాటుగా ఆమె గౌను మెడ మీద చెయ్యి వేశాడు. వేసి, తనే తీసేసి, "పాపది," అన్నాడు. నిద్రపోయాడు.

ముసాంబరం చేయలేనిది, మూడు రోజుల బోధ చేయలేనిది, బఠానీగింజంత కాలివేలు చేసింది. గెలిచినందుకు బద్రియ్యా పొంగిపోవాలి. వాడు తీసేసిన ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు మేలుకునే ఉంది.

పడుకునే ముందు లెక్క మూడయింది. తెల్లవారుజామున నాలుగయింది. బుధవారం పొద్దు బారెడెక్కేసరికి పిల్ల చెంపలు నునుపెక్కి, గులాబీరంగు తిరిగి, ఏడుపులో గొంతు కూడా తిరిగొచ్చింది. ఆ గొంతుతో అయిదోసారి పిలిచింది.

హాజ్జా లేచి నిలబడి గుమ్మానికి అడ్డంగా చేతులు చాచింది. రాత్రంతా నిద్రలేక ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. రెండుసార్లు అర్ధరాత్రి లేచి సీసాపాలు కలిపింది, రెండుసార్లూ పిల్ల కక్కేసింది.

"బద్రియ్యా, నాలుగు చాలు. రహ్మాకి రేపటితో మందు ఆపేస్తామన్నారు. ఒక్క రోజు. సోంపు నీళ్లతో, చెంచాతో, నేను చూసుకుంటాను. ఈ ఒక్కటీ ఆపు తల్లీ. నేను నీకెప్పుడైనా ఏదైనా అడిగానా?"

"రోజూ అడుగుతావు అత్తా."

"అడుగుతాను! ఇవాళ మాత్రం బతిమాలుతున్నాను. నా బిడ్డలిద్దరూ ఒక ఇల్లవ్వాలి. నేను పోయాక వాళ్లని కలిపి ఉంచేదేది? పండగకి ఒక ఫోనూ, చావుకి ఒక రాకా. అంతేనా?"

ఆ మాట ఎక్కడ నుంచి వచ్చిందో బద్రియ్యాకి అర్థమయింది. ఆమె గొంతు తగ్గించింది, మాట తగ్గించలేదు. "అత్తా, నీ భయం నాకు తెలుసు. ఇరవై ఏళ్ల తర్వాత జరగబోయే పెళ్లి కోసం ఈ పిల్ల ఇవాళ ఆకలితో పడుకోవాలా? నిన్నంతా నువ్వే చూశావు, ఏడవడం కూడా మానేసింది. నేను దొంగచాటుగా పట్టను, సగంలో ఆపను. నీ కళ్ల ముందు పడతాను. తోవ ఇవ్వు."

"ఇవ్వను."

గోడ దగ్గర రిఫాయీ గొంతు సవరించుకున్నాడు. "హాజ్జా, హమీదా నీకు గుర్తుందా?"

"మధ్యలో హమీదా ఎందుకు? మరపట్టే వాళ్ల హమీదానా? పండగ పండగకీ నీకు పావురాలు పట్టుకొచ్చి, అన్నా అన్నా అంటుందే, ఆవిడేగా?"

"ఆవిడే. అన్నా అని ఎందుకంటుంది?"

"మీ అమ్మ దానికి పాలిచ్చింది కాబట్టి. ఊరందరికీ తెలుసు."

"ఊరికి తెలియనిదొకటి ఉంది. నేను పుట్టినప్పుడే మా నాన్న, మరపట్టే ఆయనా మాట ఇచ్చుకున్నారు. ఆయనకి కూతురు పుడితే నాకు. హమీదా పుట్టింది. నలభై రోజుల పిల్లని మా అమ్మకి అప్పజెప్పి హమీదా తల్లి తన తల్లి చావుకని నది దాటింది. గాలి తిరిగి పడవలు రెండు రోజులు ఆగిపోయాయి. పిల్ల ఏడుస్తుంటే మా అమ్మ రొమ్ము నోట్లో పెట్టింది. మా నాన్న ఏడాది పాటు మా అమ్మతో మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే గాడిదకి చెప్పేవాడు, గాడిద వెళ్లి మా అమ్మకి చెప్పేది."

"మహ్రూస్ తండ్రీ! ఇప్పుడు నీ కోతలా!"

"గాడిద కోత. మిగతాది నిజం."

హాజ్జా అతన్ని చీల్చేలా చూసింది. తర్వాత గంపలోంచి ఒక రొట్టె తీసి అతని ముందు పెట్టింది. ఆ ముసలాయన దేవుడి మీద ఒట్టేసి అబద్ధం చెప్పడు, కానీ ఒట్టు దాకా రానివ్వడు. రొట్టె మీద మాత్రం చెయ్యి పెట్టి అబద్ధం చెప్పడం నలభై ఏళ్లలో ఆమె చూడలేదు.

రిఫాయీ చెయ్యి పెట్టాడు. ఈసారి అతని మొహంలో నవ్వు లేదు. "ఈ రొట్టె మీద ఒట్టు. ఆ పాలు పడకపోతే నాకు హమీదాతో పెళ్లి. నువ్వు ఈ గుమ్మం తొక్కేదానివి కాదు. మహ్రూస్ లేడు, రహ్మా లేదు, నూహ్ లేడు, లోపల ఏడుస్తున్న ఆ పిల్లా లేదు. మా నాన్న పెళ్లి పోయిందని ఏడ్చాడు ఫర్హానా. పోయింది పెళ్లే. నాకు యాభై ఎనిమిదేళ్లుగా పావురాలు తెచ్చే చెల్లెలు మిగిలింది. నువ్వు మిగిలావు."

అతను ఆమెని హాజ్జా అనకుండా పేరు పెట్టి పిలిచి ఎన్నేళ్లయిందో ఇద్దరికీ గుర్తులేదు. హాజ్జా చేతులు గుమ్మం మీంచి మెల్లగా జారాయి.

"ఊళ్లోకెల్లా అందగత్తె హమీదా," అంది, ఎవరితోనో అన్నట్టు.

"వంట రాదు," అన్నాడు రిఫాయీ.

హాజ్జా కళ్లలో నీళ్లు తిరుగుతూ ఉండగానే నవ్వొచ్చింది. తలగుడ్డ కొసతో రెండూ తుడుచుకుంది. పిల్లని తనే తీసుకొచ్చి బద్రియ్యా ఒళ్లో పడుకోబెట్టి, పక్కనే కూలబడింది.

"తల కొంచెం ఎత్తి పట్టవే. మెడ మడత పడితే గుటక సరిగ్గా దిగదు. నిద్రపోతే పాదం గిల్లు, మళ్లీ తాగుతుంది. సగం సగం తాగించి, రేపు ఎవరో షేక్ వచ్చి అవునో కాదో అనేలా చెయ్యకు. చెల్లెలంటే నిండా చెల్లెలవ్వాలి."

పిల్ల తాగినంతసేపూ హాజ్జా ఆ చిన్న గొంతు కదలికనే చూస్తూ ఉంది. ఆఖరి గుటక దిగాక వంగి, పిల్ల నుదుటి మీద ముద్దు పెట్టి, "అయిదు," అంది. ఆ మాటతో పాటు ఒక కన్నీటి చుక్క కూడా ఆ నుదుటి మీద పడింది. "ఇప్పుడు నా బిడ్డల పిల్లలు చుట్టాలు కాదు. తోబుట్టువులు. ఎవరూ విడాకులివ్వలేరు," అంది తనకి తనే చెప్పుకుంటూ.

గురువారం రహ్మా ఇంటికొచ్చింది. మందులు ఆగాయి, పాలు పడ్డాయి. ఆదివారానికి పిల్లకి ఏడోరోజు. జల్లెడలో పడుకోబెట్టి, చుట్టూ ఏడు రకాల గింజలు చల్లి, కొవ్వొత్తులు వెలిగించారు. మంచం కింద దాచిన రాగిగంగాళం బయటికొచ్చింది, అందులోనే పిల్లకి స్నానం. ఇక ఇత్తడి రోట్లో రోకలి మోగిస్తూ పసిపిల్ల చెవిలో బుద్ధులు చెప్పడం అమ్మమ్మ వంతు. చుట్టుపక్కల ఆడవాళ్లంతా చెవులు రిక్కించారు, ఫాతిహా చదివిన సంబంధం సంగతి అందరికీ తెలుసు కదా.

హాజ్జా రోకలెత్తింది. "ఓ పిల్లా! మీ అమ్మ మాట విను, మీ నాన్న మాట వినకు!" ఠంగ్. "మీ బద్రియ్యమ్మ మాట విను, ఆవిడ ఎవరి మాటా వినదు!" ఠంగ్. అందరూ గొల్లుమన్నారు. మూడోసారి రోకలి ఒక్క క్షణం గాల్లో ఆగింది. "మీ అన్న నూహ్ మాట విను! మీ తాత మాట మాత్రం చచ్చినా నమ్మకు!" ఠంగ్. ఆడవాళ్లంతా నాలుకలాడించి కేకలు పెట్టారు. రహ్మా వదిన భుజం మీద తల వాల్చి ఏడ్చింది.

ఆ తర్వాత వారానికి బద్రియ్యా ఒంట్లో సలుపు పోయింది. గౌను తడవడం ఆగింది. వీధిలో మేకపిల్ల ఎంత అరిచినా ఒళ్లు పలకలేదు. ఒక పొద్దున రొట్టెలు కాల్చి డాబా మీద ఆరబెడుతుంటే నూహ్ మెట్ల మీద పరుగెత్తుకొచ్చి గౌను లాగాడు. రెండేళ్ల అలవాటు కదా, ఆమె చెయ్యి తనంతట తనే మెడ గుండీ దగ్గరికి వెళ్లింది.

"రొట్టె," అన్నాడు నూహ్.

ఆమె చెయ్యి కిందికి దించి, వేడి రొట్టె విరిచి, ఊది ఇచ్చింది. వాడు అందుకుని తాత దగ్గరికి పరుగెత్తాడు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. పైకి వచ్చేటప్పుడు గౌను పట్టుకుని వేలాడలేదని అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. తనే ఎక్కాడు. తనే దిగాడు. బద్రియ్యా గోడ వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదిలాయి.

హాజ్జా చూసింది. కిందికి వెళ్లి, ఉల్లిపాయల గంప, రెండు కత్తులు పట్టుకుని వచ్చి, చాప మీద కూర్చుని, పక్కన చోటు తట్టి చూపించింది.

"మహ్రూస్ పాలు మానేసిన వారం ఈ ఇంట్లో రోజూ ఉల్లిపాయ కూరే. ఎందుకో మీ మామకి ఇవాళ్టికీ తెలీదు," అంది. ఒక కత్తి కోడలి చేతికిచ్చింది. "రా, తరుగు."